532001: శ్రీకాకుళం పిన్ కోడ్‌లో దాగిన రెండు వర్గాలు

శ్రీకాకుళం పట్టణానికి వచ్చే ఉత్తరాల మీద, పార్సిళ్ల మీద, పెళ్లి శుభలేఖల కవర్ల మీద చివరి వరుసలో 532001 అనే ఆరంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలను అందరూ ఐదు, మూడు, రెండు, సున్నా, సున్నా, ఒకటి అని విడివిడిగా చదువుతారే తప్ప ఐదు లక్షల ముప్పై రెండు వేల ఒకటి అని చదివేవారు ఉండరు. అది సబబే. పిన్ కోడ్ ఒక చోటుకు పెట్టిన పేరు. రెండు పిన్ కోడ్‌లను కూడితే వచ్చే మొత్తానికి తపాలా శాఖలో ఏ అర్థమూ లేదు. అయినా పేరుగా పుట్టిన సంఖ్యకు కూడా కారణాంకాలు, శేషాలు, వర్గాలు అనే చుట్టరికాలు తప్పవు. 532001కి ఉన్న చుట్టరికాలను వరుసగా పరిశీలిస్తే, అందులో కొంత నియమం వల్ల వచ్చిందనీ, కొంత కేవలం కాకతాళీయమనీ తేలుతుంది. ఆ రెంటినీ విడదీసి చూడటమే ఇక్కడి పని.

పిన్ కోడ్ పద్ధతి దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె ప్రాంతాన్ని, మొదటి మూడు అంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడు అంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును సూచిస్తాయి. ఆ లెక్కన 532 అనేది శ్రీకాకుళం వైపు గుర్తు, 001 అనేది పట్టణంలోని హెడ్ పోస్టాఫీసు గుర్తు. (ఈ తపాలా జిల్లా, రెవెన్యూ జిల్లా ఒకటి కావు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి రాజాం విజయనగరం జిల్లాలో కలిసినా అక్కడి చిరునామాల్లో 532 అలాగే ఉండిపోయింది.) సంఖ్య పుట్టుకలో ఉన్న ఈ రెండు ముక్కలు, అంటే ముందున్న 532, వెనకున్న 001, తరువాతి లెక్కలో కూడా రెండు ముక్కలుగానే ప్రవర్తిస్తాయి.

మొదటి ప్రశ్న సహజంగానే కారణాంకాల గురించి. ఆమదాలవలస 532185 చివర 5 ఉంది గనుక అది 5తో పోతుంది. ఇచ్ఛాపురం 532312 సరి సంఖ్య. పలాస 532221లో అంకెలను కూడితే 15 వస్తుంది గనుక 3 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. బడిలో నేర్చుకున్న ఈ మూడు భాజనీయతా సూత్రాలతోనే జిల్లాలోని చాలా పిన్ కోడ్‌ల సంగతి తేలిపోతుంది. 532001 మాత్రం వీటికి లొంగదు. అది బేసి, చివర 1 ఉంది, అంకెల మొత్తం 11.

దీనికి ముందున్న 532000ను విడగొడితే ఇంకొంత తెలుస్తుంది. 532 అంటే 4 × 7 × 19. 1000 అంటే 8 × 125. కాబట్టి 532000లో 2 ఐదుసార్లు, 5 మూడుసార్లు, 7 ఒకసారి, 19 ఒకసారి ఉంటాయి. ఇన్ని కారణాంకాలున్న సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేదే 532001 గనుక 2, 5, 7, 19లలో దేనితో భాగించినా సరిగ్గా 1 శేషం మిగులుతుంది. పదకొండుకూ పదమూడుకూ 1001 పద్ధతి ఉంది: 7 × 11 × 13 = 1001 కావడం వల్ల, సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెల గుంపులుగా చేసి ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే చాలు. ఇక్కడ 532లోంచి 1 పోగా 531. దాన్ని 11 భాగిస్తే 3, 13 భాగిస్తే 11 మిగులుతాయి. ఈ 1001 అనే సంఖ్య మళ్లీ ఎదురవుతుంది.

ఇక మిగిలింది ఓపికతో చేయాల్సిన పని. 729 వర్గం 531441, 730 వర్గం 532900. కాబట్టి 729 లోపల ఉన్న ప్రధాన సంఖ్యలు ఏవీ భాగించకపోతే 532001 ప్రధాన సంఖ్యే. అలాంటివి 129 ఉన్నాయి. ఒక్కొక్క దానితో భాగించుకుంటూ పోతే కొన్నిచోట్ల సంఖ్య దొరికిపోయినట్టే అనిపించి తప్పించుకుంటుంది. 17తో భాగిస్తే 3 మిగులుతుంది. 461తో 7, మళ్లీ 577తో కూడా 7 మిగులుతుంది. ఎందుకంటే ఏడు తక్కువైన 531994 సరిగ్గా 2 × 461 × 577. చివరికి 727తో 564 శేషం వచ్చేసరికి జాబితా అయిపోతుంది. 532001 ప్రధాన సంఖ్య.

ఇంతమాత్రానికే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. ఐదు లక్షల చుట్టుపక్కల సుమారు పదమూడు సంఖ్యలకు ఒకటి చొప్పున ప్రధాన సంఖ్యలు ఉంటాయి. చివర 1 ఉన్నవాటిని మాత్రమే చూస్తే సుమారు ఐదింటికి ఒకటి. జిల్లా కేంద్రం పిన్ ప్రధాన సంఖ్య కావడం లాటరీ తగిలినంత విశేషమేమీ కాదు. విశేషం ఆ తరువాత మొదలవుతుంది.

ప్రధాన సంఖ్యలను 4తో భాగిస్తే, 2ను పక్కన పెట్టగా, శేషం 1 గానీ 3 గానీ వస్తుంది. 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా, అదీ ఒకే ఒక్క విధంగా, రాయవచ్చునని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 డిసెంబరు 25న తోటి పండితుడు మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలో పేర్కొన్నాడు; రుజువు స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ చేతిలో 1749 నాటికి పూర్తయింది. 5 = 1 + 4, 13 = 4 + 9, 61 = 25 + 36 వంటివి అందుకు చిన్న ఉదాహరణలు. 3 మిగిలే ప్రధాన సంఖ్యలకు ఆ యోగం లేదు. 532000 నాలుగుతో పోతుంది గనుక 532001కి శేషం 1. అంటే ఎక్కడో ఒకచోట రెండు వర్గాలు ఉండి తీరాలి. ఉన్నాయని సిద్ధాంతం హామీ ఇస్తుంది. ఎక్కడున్నాయో వెతుక్కోవడం మనవంతు.

వెతుకులాటను చివరి 001 సులువు చేస్తుంది. ఏ వర్గాన్నైనా 5తో భాగిస్తే 0, 1, 4లలో ఒకటే మిగులుతుంది. రెండు వర్గాల మొత్తానికి శేషం 1 రావాలంటే ఒకటి 0, రెండోది 1 కాక తప్పదు. అంటే రెండు సంఖ్యల్లో ఒకటి 5కు గుణిజం. దాని వర్గం 25తో పోతుంది గనుక రెండోదాని వర్గాన్ని 25తో భాగిస్తే 1 మిగలాలి. ఆ రెండో సంఖ్య 25వ ఎక్కంలోని ఏదో ఒక మెట్టుకు ఒకటి ఎక్కువగానో ఒకటి తక్కువగానో ఉన్నప్పుడే అది కుదురుతుంది. ఆ మెట్టును ‘న’ అనుకుని, అంతటినీ 25తో భాగించి సర్దితే, చూడాల్సింది ఇంతే: 21280లోంచి న × (25న + 2)ను గానీ న × (25న − 2)ను గానీ తీసేసినప్పుడు వర్గ సంఖ్య మిగులుతుందా లేదా. ‘న’ సున్నా నుంచి 29 వరకే వెళ్లగలదు. మొత్తం 59 తీసివేతలు. ఒక తెల్లకాగితం రెండు వైపులా సరిపోయే పని.

మొదటి పద్నాలుగు మెట్లలో ఏదీ కుదరదు. పదో మెట్టు దగ్గర 18760 వచ్చి, 137 వర్గమైన 18769కి తొమ్మిది తక్కువై ఊరిస్తుంది. పదిహేనో మెట్టు దగ్గర 15 × 377 = 5655; 21280లోంచి అది పోతే 15625. ఇది 125 వర్గం. అంటే 5కు గుణిజమైన సంఖ్య 5 × 125 = 625; రెండోది 25 × 15 + 1 = 376.

625 వర్గం 390625. 376 వర్గం 141376. రెండూ కలిపితే 532001.

ఆ రెండు వర్గాల చివర ఏముందో మరోసారి చూడాలి. 390625 చివర 625 ఉంది. 141376 చివర 376 ఉంది. తమ వర్గం చివర తామే ప్రత్యక్షమయ్యే ఇలాంటి వాటిని ఆటోమార్ఫిక్ సంఖ్యలు అంటారు. ఒక అంకెలో 5, 6 అలాంటివి (25, 36). రెండంకెల్లో 25, 76 (625, 5776). మూడంకెల సంఖ్యలు తొమ్మిది వందలు ఉండగా వాటిలో ఈ గుణం ఉన్నవి రెండే రెండు: 625, 376. 532001ను విడగొట్టగల ఏకైక జంట సరిగ్గా ఆ రెండే.

రెండే ఎందుకు ఉన్నాయో తెలిస్తే తరువాతి సంగతి కూడా తెలుస్తుంది. ఒక సంఖ్య వర్గంలోంచి ఆ సంఖ్యను తీసేస్తే, ఆ సంఖ్యను దాని ముందున్న సంఖ్యతో గుణించినట్టు అవుతుంది. చివరి మూడు అంకెలు మారకూడదంటే ఆ లబ్ధం 1000తో, అంటే 8 × 125తో పోవాలి. పక్కపక్కనే ఉన్న రెండు సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదు గనుక 125 మొత్తం ఒకరి వాటాకు, 8 మొత్తం ఒకరి వాటాకు పోవాలి. సగం సగం పంచుకోవడం కుదరదు. 125, 8 రెండూ ఒకరికే పోతే 000, 001 అనే పసలేని జవాబులు వస్తాయి. మిగిలిన పంపకాలు రెండు. సంఖ్యకు 125, ముందున్నదానికి 8 పోతే 625 (624 = 8 × 78). అటుదిటు అయితే 376 (376 = 8 × 47, 375 = 125 × 3). ఈ పంపకం ఇలా ఎదురుబొదురుగా ఉండటం వల్ల 625కు 376 కలిపితే 1001, ఒకదాన్ని ఒకటి గుణిస్తే 235000 వస్తాయి.

532001 చివర 001 ఎందుకుందో ఇప్పుడు చెప్పవచ్చు. వర్గాల చివర 625, 376 అలాగే నిలిచి ఉంటాయి; వాటి మొత్తం 1001; అందులో 001 వేసి, మిగిలిన ఒకటిని ఎడమవైపుకు తీసుకుపోతే 390 + 141 + 1 = 532. అంటే చివరి మూడు అంకెలు నియమం ప్రకారం రావాల్సినవే. తపాలా శాఖ హెడ్ పోస్టాఫీసుకు 001 ఇవ్వడం కూడా దాని ఆనవాయితీయే. కాకతాళీయమంతా 532 దగ్గరే ఉంది. తపాలా శాఖ శ్రీకాకుళానికి 531నో 533నో కేటాయించి ఉంటే ఈ కథ ఇక్కడ ఉండేది కాదు. ఏ అధికారీ దీన్ని చూసి ఆ అంకె ఇవ్వలేదు. ఇచ్చారని ఊహించడానికి ఏ ఆధారమూ లేదు. సంఖ్యల్లో దైవికమైన సంకేతాలు వెతికే అలవాటున్నవారికి ఇలాంటివి మేత అవుతాయి గనుక ఈ మాట చెప్పక తప్పదు.

పైన చేసిన వెతుకులాట వల్ల ఇంకో లాభం ఉంది. పదిహేనో మెట్టు దగ్గర ఆగకుండా 29 దాకా పూర్తి చేస్తే మరే జంటా దొరకదు. ఇరవై మూడో మెట్టు దగ్గర 8101 వస్తుంది, 90 వర్గానికి ఒకటి ఎక్కువ. ఇరవై తొమ్మిదో మెట్టు దగ్గర 197 వస్తుంది, 14 వర్గానికి ఒకటి ఎక్కువ. ఈ రెండు చోట్లా తప్పిపోయింది ఒక్కటే అయినా, 25తో గుణించి అసలు లెక్కకు తెస్తే తేడా 25 అవుతుంది: 574, 450ల వర్గాలు కలిపినా, 726, 70ల వర్గాలు కలిపినా వచ్చేది 531976. ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే విధంగా రాయగలిగి, ఆ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేకపోతే ఆ సంఖ్య ప్రధాన సంఖ్య అవుతుందని ఆయిలర్ చూపించాడు. 625లో ఉన్నవి 5లు మాత్రమే. 376లో ఉన్నవి 2లు, 47. కాబట్టి 129 భాగహారాలు చేయని వ్యక్తి కూడా ఈ 59 తీసివేతలతోనే 532001 ప్రధాన సంఖ్య అని నిర్ధారించవచ్చు. భాగహారం మీదే మొగ్గు ఉన్నవారికి కూడా కొంత మినహాయింపు దొరుకుతుంది: ఉమ్మడి కారణాంకం లేని రెండు వర్గాల మొత్తాన్ని, 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య ఏదీ భాగించలేదు గనుక, 129లో 61ని మాత్రమే ప్రయత్నిస్తే చాలు.

ఒకే విధం అనే షరతు ఎంత గట్టిదో రెండంకెల జంట చెబుతుంది. 25, 76ల వర్గాల మొత్తం 625 + 5776 = 6401. ఇది ప్రధాన సంఖ్య కాదు. 37 × 173. ఈ రెండు కారణాంకాలూ 4తో భాగిస్తే 1 మిగిలేవే గనుక ఒక్కొక్కటీ రెండు వర్గాల మొత్తం: 37లో 6, 1, 173లో 13, 2. రెండు వర్గాల మొత్తాన్ని మరో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుందనే సంగతి బ్రహ్మగుప్తుడు 628లో రాసిన సిద్ధాంత గ్రంథంలోని భావనా సూత్రంలో ఇమిడి ఉంది. ఆ ప్రకారం 6 × 13లోంచి 1 × 2 తీసేస్తే 76, 6 × 2కు 1 × 13 కలిపితే 25. తీసివేతను కూడికగా, కూడికను తీసివేతగా మార్చితే 80, 1. నిజంగానే 80 వర్గం 6400, దానికి ఒకటి కలిపితే 6401. గుణకారం జరిగిన చోట ఇలా రెండో దారి తెరుచుకుంటుంది. 532001లో అది తెరుచుకోలేదు. ఆయిలర్ 1000009ని ముందు ప్రధాన సంఖ్యగా లెక్కించి, తరువాత అది 1000, 3ల వర్గాల మొత్తమే కాక 972, 235ల వర్గాల మొత్తం కూడా అని గమనించి, 293 × 3413గా విడగొట్టింది ఈ దారిలోనే.

ఆయిలర్ ఈ పరీక్షను రెండు వర్గాలకే పరిమితం చేయలేదు. రెండో వర్గాన్ని ఏదైనా ఒక స్థిర సంఖ్యతో గుణించి కూడినా పరీక్ష పనిచేస్తుందా అని చూసి, పనిచేసే 65 సంఖ్యలతో ఒక పట్టిక వేశాడు. వాటిలో మొదటిది 1, అంటే మనం వాడినది. అన్నిటికన్నా పెద్దది 1848. ఇలాంటివి అనంతంగా ఉండవని 1934లో రుజువు చేసినవాడు సర్వదమన్ చౌలా. 1930ల మధ్యలో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే గణితం బోధించారు. పిన్ కోడ్‌లు అప్పటికి పుట్టలేదు గానీ, 532001ను తేల్చే పనిముట్టు మీద లోతైన పని చేసిన మనిషి శ్రీకాకుళానికి ఇంత దగ్గరలో మసలాడన్నది చెప్పుకోదగ్గ విషయం.

దశాంశాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. 1ని 532001తో భాగిస్తే దశాంశ స్థానాల్లో కొన్ని అంకెల గుంపు అంతు లేకుండా తిరిగి తిరిగి వస్తుంది. ఆ గుంపు పొడవు 532000ను నిశ్శేషంగా భాగించాలన్నది ప్రధాన సంఖ్యలన్నిటికీ ఉన్న నియమం. ఇక్కడ 2, 5 రెండూ వర్గ శేషాలు (అంటే ఏదో ఒక వర్గాన్ని 532001తో భాగిస్తే మిగిలే శేషాలు) కావడం వల్ల ఆ పొడవు అందులో సగమైన 266000ను కూడా భాగించాలి.

పొరుగున ఉన్న విజయనగరానికి ఈ యోగం పట్టలేదు. ఆ పట్టణంలో వాడుకలో ఉన్న పిన్‌లలో 535001 ఒకటి. అంకెల్లో తేడా ఒక్క చోటే. రెండు బదులు ఐదు. చివర 001 అలాగే ఉంది, 4తో భాగిస్తే 1 మిగలడమూ అలాగే ఉంది. పైపైన చూస్తే ఇదీ రెండు వర్గాల మొత్తం కావచ్చు ననిపిస్తుంది. కానీ ఇది 47 × 11383. రెండూ ప్రధాన సంఖ్యలే, రెండింటినీ 4తో భాగిస్తే 3 మిగులుతుంది. రెండు మూళ్లు గుణించుకుని తొమ్మిదై, నాలుగుతో భాగిస్తే ఒకటి మిగలడం వల్ల బయటికి మాత్రం పెద్దమనిషిలా కనబడుతోంది. ఎన్ని కాగితాలు నింపినా 535001ను రెండు వర్గాల మొత్తంగా రాయడం సాధ్యం కాదు. 376 = 8 × 47లో కనిపించిన 47 మళ్లీ ఇక్కడ తేలడం మాత్రం ఉత్తి యాదృచ్ఛికమే.

ఆటోమార్ఫిక్ జంటల వరుసను ముందుకు నడిపిస్తే 532001 స్థానం ఇంకా స్పష్టమవుతుంది. ఒక అంకె జంట 5, 6 వర్గాల మొత్తం 61, ప్రధాన సంఖ్య. రెండంకెల జంట ఇచ్చిన 6401 విడిపోయింది. మూడంకెల జంట ఇచ్చింది 532001. నాలుగంకెల జంటలో ఒకటి 9376, రెండోది ముందు సున్నా పెట్టుకున్న 0625, వాటి వర్గాలు 87909376, 390625, మొత్తం 88300001. దీన్ని 61తో పరీక్షించాలి. 625ను 61తో భాగిస్తే 15 మిగులుతుంది, 15 వర్గమైన 225ను భాగిస్తే 42. 9376ను భాగిస్తే 43, దాని వర్గమైన 1849ని భాగిస్తే 19. 42కు 19 కలిపితే సరిగ్గా 61. అంటే 88300001 = 61 × 1447541; వరుసలో మొదట నిలిచిన 61 నాలుగో మెట్టు దగ్గర కారణాంకమై తిరిగి వచ్చింది.